నిండని మేస్త్రి

ఆ కాలనీలో తాపీ మేస్త్రులకు కరువు లేదు. గోడ కట్టేవాళ్ళున్నారు. కట్టిన గోడ వంకరపోయిందని ఇంటివాళ్ళు గొడవకు దిగితే వంకర గోడలో లేదు, మీరు నిలబడ్డ చోటులో ఉందని నమ్మించేవాళ్ళూ ఉన్నారు. సెప్టిక్ ట్యాంకు దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరి నోటా ఒక్కడి మాటే. అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది. ఇంట్లో ఆవిడకైనా అది గుర్తుందో లేదో అనుమానమే. కాలనీ మొత్తానికీ అతను నిండని మేస్త్రి.

ఆ పేరు ఊరికే రాలేదు. అతను కట్టిన ట్యాంకు నిండదు. పక్క వీధుల వాళ్ళు ముక్కు మూసుకుని ట్యాంకులు తోడే లారీ కోసం ఎదురుచూస్తుంటే, అతని చేత కట్టించుకున్నవాళ్ళు కాలు మీద కాలేసుకుని టీ తాగేవారు. ఎన్నేళ్ళకు మూత తీసి చూసినా అడుగున కాసింత బురద, అంతే. స్నానాల నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు, బట్టలుతికిన నీళ్ళు అన్నీ ఆ ఒక్క గుంతలోకే వదిలినా అది కిమ్మనేది కాదు. ఏంటి మేస్త్రీ ఆ కిటుకు అని ఎవరైనా అడిగితే, "భూమికి దాహం ఎక్కువండీ" అనేవాడు. అంతకుమించి నోరు విప్పేవాడు కాదు.

కిటుకు ఏమిటో మనం చెప్పుకుంటే తప్పేం లేదు. పెళ్ళయిన కొత్తలో అతను తన ఇంటికి తానే ట్యాంకు కట్టుకున్నాడు. గోడలు లేచేసరికి సిమెంటు అయిపోయింది. అడుగు తర్వాత వేద్దాంలే అని కంకర పరిచి మూత పెట్టేశాడు. నిండినప్పుడు ఖాళీ చేయించి కాంక్రీటు వేసుకోవచ్చని అతని లెక్క. అది నిండితేగా! కింద అంతా ఇసుక నేల, ఎంత పోస్తే అంత తాగేస్తోంది. మొదట్లో తన బద్ధకానికి తానే సిగ్గుపడ్డాడు. తర్వాత ఆలోచనలో పడ్డాడు. ఆ తర్వాత అదే తన పద్ధతి చేసేసుకున్నాడు. కింది వరసల్లో ఇటుకల మధ్య సిమెంటు పెట్టడు, అడుగున కాంక్రీటు వేయడు. ఇందులో మోసం చేస్తున్నానన్న ఆలోచన అతనికి కలలో కూడా రాలేదు. జనానికి మేలు చేస్తున్నానని మనస్ఫూర్తిగా నమ్మాడు. నమ్మినవాడి పనిలో ఒక కళ ఉంటుంది కదా, అది అతని పనిలో ఉండేది. గుంత గోడలు లోపల ఎవరూ చూడకపోయినా రసమట్టం పెట్టి మరీ లేపేవాడు.

దీనివల్ల నష్టపోయింది లోకంలో ఒకే ఒక్కడు, అతని బావమరిది. ట్యాంకులు తోడే లారీ ఆ బావమరిదిదే. ఈ కాలనీలోకి వచ్చినప్పుడల్లా పని దొరక్క, అక్క చేతి కాఫీ తాగి వెళ్ళిపోయేవాడు. "నా పొట్ట కొట్టడానికే మా అక్కని చేసుకున్నావు బావా" అని ప్రతిసారీ అనేవాడు. మేస్త్రికి ఆ మాట పొగడ్తలా ఉండేది. ఇంకో కప్పు కాఫీ పోయించేవాడు.

మేస్త్రికి ఒక చెల్లెలు ఉంది. వీధి చివర ఆవుల షెడ్డు ఆవిడదే. భర్త పోయినప్పుడు ఆవిడకు మిగిలింది ఒక ఆవు, ఒక నోరు. రెండింటినీ బాగా పెంచుకుంది. ఇప్పుడు షెడ్డు నిండా ఆవులు, కాలనీలో సగం ఇళ్ళకు పాలు. నోటి సంగతి ఇక చెప్పనక్కర్లేదు. పాలు పలచగా ఉన్నాయని ఎవరైనా అంటే, వాళ్ళింట్లో చెంబు లోతు దగ్గర్నుంచి మొదలుపెట్టి వాళ్ళ పెరట్లో మొక్కల దాకా వెళ్ళేది. అన్నాచెల్లెళ్ళు రోజూ పోట్లాడుకునేవారు. ఒక్కరోజు పోట్లాట లేకపోతే ఒంట్లో బాగాలేదేమోనని ఒకరింటికి ఒకరు వచ్చి చూసేవారు.

ఆ షెడ్డు వెనక పేడ గుంత ఉంది. అది కట్టింది కూడా మన మేస్త్రే. కానీ దాని కథ వేరు. పేడా, షెడ్డు కడిగిన నీళ్ళూ అన్నీ ఆ గుంతలో పట్టి, కాలనీ అవతల క్యాబేజీలు పండించే రైతుకు ఆవిడ అమ్ముతుంది. చుక్క ఇంకినా తనకు నష్టమే. అందుకని అడుగున కాంక్రీటు వేయాల్సిందేనని పట్టుబట్టింది. పేడకు ఎవరైనా కాంక్రీటు పోస్తారా, నీకు మతి పోయిందని మేస్త్రి ఎంత మొత్తుకున్నా వినలేదు. బకెట్టు బోర్లించుకుని గుంత గట్టున కూర్చుని, ఇటుకా ఇటుకా మధ్య సిమెంటు పెట్టేదాకా కదల్లేదు. పని అయ్యాక గుంత నిండా నీళ్ళు పోయించి, నీటి అంచున గోడ మీద సుద్దముక్కతో గీత గీసింది. మర్నాడు పొద్దున్నే వచ్చి చూసింది. నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి. అప్పుడు గానీ బాగుందని ఒక్క ముక్క అనలేదు. తన పనికి సుద్దగీత పరీక్ష పెట్టినందుకు మేస్త్రి వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ ఆ వారం హాయిగా ఉందని అందరికీ చెప్పుకుంది.

ఇలా గడిచిపోతుంటే ఒకరోజు దర్జీ ఇంట్లో పసిబిడ్డకు పెదాలు నీలంగా మారాయి. బిడ్డ పుట్టి ఎన్నాళ్ళో కాలేదు. తల్లికి పాలు చాలక డబ్బాపాలు పడుతున్నారు. దర్జీ బిడ్డను చేతుల్లో పెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. సమయానికి చేరడంతో బిడ్డ బతికింది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, పాలు కలిపిన నీళ్ళు ఎక్కడివని. ఇంటి బావివే, ఇంకెక్కడివి? ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు వచ్చి కాలనీలో బావులన్నీ పరీక్ష చేయించింది. నీళ్ళ నిండా నైట్రేటు. చూడ్డానికి అద్దంలా ఉంటాయి, రుచికి బాగుంటాయి, కానీ పసిబిడ్డ రక్తానికి ఊపిరి అందనివ్వవు. ఆ రోజు నుంచి తాగడానికి ట్యాంకరు నీళ్ళు. బిందెలు పట్టుకుని జనం వీధిలో వరస కట్టారు.

వరసలో నిలబడ్డవాళ్ళకు పనేముంటుంది, మాటలు తప్ప? నైట్రేటు ఎక్కడ పుడుతుందంటే ఎరువులో పుడుతుంది, పేడలో పుడుతుంది అని నర్సు చెప్పింది. ఎరువులు చల్లే క్యాబేజీ తోట కాలనీ బయట ఉంది, కంటికి కనబడదు. ఆవుల షెడ్డు వీధి చివరే ఉంది, కంటికీ ముక్కుకీ రెండింటికీ కనబడుతుంది. అంతే సంగతులు. ట్యాంకరు వెళ్ళిపోయేలోపు తీర్పు అయిపోయింది.

కాలనీ సంఘానికి అధ్యక్షుడు రిటైరైన పోస్ట్‌మాస్టరు. మంచివాడే, కాకపోతే ఏ విషయమైనా ముద్ర వేసి పంపేస్తే గానీ నిద్రపట్టదు. సంఘం గదిలో మీటింగు పెట్టాడు. షెడ్డు ఎత్తేయాలని నలుగురూ అన్నారు. దర్జీ మాత్రం ఏమీ అనకుండా ఒళ్ళో బిడ్డను పెట్టుకుని కూర్చున్నాడు. అతను అలా కూర్చోవడమే పెద్ద వాదన అయింది. ఎండాకాలం దాటేలోపు షెడ్డు తీసేయాలని పోస్ట్‌మాస్టరు తేల్చాడు.

ఎంత నోరున్నా చెల్లెలు ఆ రోజు ఎవరినీ ఒక్క మాట అనలేదు. లేచి నిలబడి, బిడ్డ వైపు చూసి, "మా ఆవులే అయితే పోతాను. కాకపోతే?" అంది.

మేస్త్రి ఉడికిపోయాడు. ఆవులు పోతే ఆవిడా పోతుంది. దగ్గర్లో ఎక్కడా అంత జాగా దొరకదు, ఎక్కడో మరో ఊరి అంచుకు వెళ్ళాలి. పొద్దున్నే పోట్లాడటానికి చెల్లెలు లేని వీధి అతని ఊహకు అందలేదు. టేబులు మీద చెయ్యేసి, నిరూపించకుండా షెడ్డు మీద చెయ్యి వేస్తే ఊరుకోనని, కావాలంటే గవర్నమెంటు వాళ్ళను పిలిపించి తేల్చమని గట్టిగానే అన్నాడు. పోస్ట్‌మాస్టరు ఆలోచించి, అదీ న్యాయమే అన్నాడు. నీళ్ళ లాబ్‌కు ఆ రోజే ఉత్తరం రాశాడు.

లాబ్ నుంచి వచ్చింది ఒక ఆవిడ. నెత్తిన ఎండ టోపీ, చేతిలో మంచు పెట్టె, జీపు నిండా సీసాలు. కాలనీ ఆవిడకు నీళ్ళ మేడమ్ అని పేరు పెట్టేసింది. మంచు పెట్టె మోసే పనికి మేస్త్రి తనంతట తానే తయారయ్యాడు. చెల్లెలి కేసు కదా, సాక్ష్యం తన చేతుల్లోనే ఉండాలని అతని పట్టుదల. నీళ్ళు పట్టడానికని ఇంట్లో ఆవిడను బతిమాలి, గాజు సీసాలు తళతళలాడేలా కడిగించి తెచ్చాడు. మేడమ్ వాటిని చూసి ముచ్చటపడి, ఒక్కటీ తీసుకోకుండా తన ప్లాస్టిక్ సీసాలే బయటికి తీసింది. గాజు వద్దండీ, తర్వాత చెప్తాను అంది. మేస్త్రి భార్య మూడు రోజులు ఆ అవమానం తలుచుకుంది.

మేడమ్ పనిలో తొందరన్న మాటే లేదు. ప్రతి బావి దగ్గరా మోటారు వేయించి, నీళ్ళు పారబోయిస్తూ మీటరు ముల్లు కదలకుండా నిలబడేదాకా చూసేది. అప్పుడు సన్నటి వడపోతలోంచి సీసాలోకి పట్టి, మంచులో పెట్టేది. ఇంత నీళ్ళు పారబోస్తే ఎలాగండీ అని మేస్త్రి గొణిగాడు. పైపులో నిలవున్న నీళ్ళు కాదు, భూమిలోంచి ఇప్పుడే వచ్చిన నీళ్ళు కావాలంది. మేస్త్రికి ఆ మాట నచ్చింది. ఆవిడ పని తీరే నచ్చింది. ఇటుక పేర్చేటప్పుడు తనూ అంతే కదా అనుకున్నాడు.

అసలు నీళ్ళను చూసి ఎక్కడినుంచి వచ్చాయో ఎలా చెప్తారని దారిలో అడిగాడు. మేడమ్ విసుక్కోకుండా చెప్పింది. నైట్రేటులో నైట్రోజన్ ఉంటుంది. నైట్రోజన్‌లో రెండు రకాలు, ఒకటి తేలిక, ఒకటి కాస్త బరువు. అచ్చం ఒకేలాంటి అన్నదమ్ములు, తూకంలోనే తేడా. వీటిని ఐసోటోపులంటారు. సంచుల్లో వచ్చే ఎరువును గాలిలోని నైట్రోజన్‌తో చేస్తారు కాబట్టి, గాలిలో రెండూ ఏ పాళ్ళలో ఉంటాయో ఎరువులోనూ ఇంచుమించు అంతే. పేడ అలా కాదు. పేడా మూత్రం నిలవుంటే ఘాటుగా వాసన వస్తుంది కదా, అది తేలిక నైట్రోజన్ గాలిలోకి లేచిపోతున్న వాసన. తేలికది పోగా వెనక బరువుది ఎక్కువ మిగులుతుంది. ఆ మిగిలిందే నీళ్ళలోకి దిగుతుంది. లాబ్‌లో పాళ్ళు తూచి చూస్తే ఎరువో కాదో తెలిసిపోతుంది.

మేస్త్రి ఆ రోజంతా క్యాబేజీ రైతు మీద ఆశ పెట్టుకుని గడిపాడు. పాపం ఆ రైతుతో అతనికి ఏ గొడవా లేదు. చెల్లెలి షెడ్డు నిలవాలంటే ఎవరో ఒకరు దొరకాలి, అంతే.

లాబ్ కబురు మేడమే తెచ్చింది. ఎరువు కాదు. బావుల్లో బరువు నైట్రోజన్ పాలే ఎక్కువ.

సంఘం గదిలో అందరూ మేస్త్రి వైపు చూశారు. పోస్ట్‌మాస్టరు జాలిగానే, అయిపోయింది కదా అన్నట్టు కాగితాలు సర్దుకున్నాడు. ఆ సాయంత్రానికల్లా పశువుల బేరగాడు ఒకడు వచ్చి షెడ్డు ముందు నిలబడ్డాడు. చెల్లెలు అతనికి ఒక్కో ఆవును చూపిస్తూ, ఇది తన్నదు, దీనికి చెవి వెనక గోకితే గానీ పాలివ్వదు అని మెల్లగా చెబుతోంది. ఆవిడ అంత మెల్లగా మాట్లాడటం మేస్త్రి పుట్టి బుద్ధెరిగి వినలేదు. అక్కడ నిలబడలేక వచ్చేశాడు.

తిన్నగా జీపు దగ్గరికి వెళ్ళి, మీ తూకాలూ మీ సీసాలూ మా చెల్లెలి కొంప ముంచాయని మేడమ్ మీద విరుచుకుపడ్డాడు. ఆవిడ అతను ఆగేదాకా ఆగింది.

"పేడ అని నేననలేదు మేస్త్రిగారూ. పేడ కావచ్చు, మనుషులది కావచ్చు. ఈ తూకానికి ఆవూ మనిషీ ఒకటే" అంది.

ఆవునూ మనిషినీ విడదీసే తూకం ఇంకొకటి ఉందట. దానికి బోరాన్ అనే పదార్థం కావాలి. బట్టలు తెల్లబడటానికి సబ్బుపొడుల్లో దాన్ని కలుపుతారు. దానిలోనూ తేలికా బరువూ ఉన్నాయి. గనిలోంచి తవ్వగా సబ్బులోకి చేరిన బోరాన్‌లో వాటి పాళ్ళు ఒక తీరు, మేతలోంచి ఆవు కడుపులోకి వెళ్ళి పేడలోకొచ్చిన దానిలో ఇంకో తీరు. గాజులో కూడా బోరాన్ ఉంటుంది కాబట్టే ఆ రోజు గాజు సీసాలు వద్దంది. పట్టిన నీళ్ళు భద్రంగా ఉన్నాయి. పోల్చి చూడటానికి పేడ గుంతలో నీళ్ళు ఒక సీసా, ఏదైనా ఇంటి ట్యాంకులో నీళ్ళు ఒక సీసా కావాలి. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. ఏదైనా ఇల్లెందుకు, మా ఇంటికే రండి అన్నాడు.

భార్య చీపురు పక్కన పెట్టి చూస్తుండగా తన ట్యాంకు మూత తనే ఎత్తాడు. లోపల ఎప్పటిలాగే అడుగున కాస్త బురద. మేడమ్ వంగి చూసింది. సీసా నింపడానికి నీళ్ళు లేవు. చివరికి మేడమ్ మేస్త్రి భార్యను బట్టలుతికిన తొట్టి నీళ్ళూ, స్నానాల నీళ్ళూ వదలమని, పైపు మూతి దగ్గర డబ్బా పెట్టి పట్టింది.

"నీళ్ళెక్కడికి పోతున్నాయి మేస్త్రిగారూ?" అని అడిగింది.

"భూమిలోకండీ. నా పని అలా ఉంటుంది" అన్నాడు మేస్త్రి. అలా అన్నప్పుడు ఛాతీ కాస్త ముందుకొచ్చింది కూడా.

మేడమ్ ట్యాంకు వైపు చూసింది. నాలుగు అంగల దూరంలో ఉన్న బావి వైపు చూసింది. సీసా మీద చీటీ అంటించింది. మేస్త్రి ఇంటికి వచ్చిన మనిషి కాఫీ తాగకుండా వెళ్ళిందని భార్య ఆ తర్వాత అంది. అది మాత్రం మేస్త్రికీ కాస్త వింతగానే తోచింది.

రెండో కబురు వచ్చేదాకా బేరగాడిని ఆపించాడు. ఆ రోజు సంఘం గది కిక్కిరిసిపోయింది. చెల్లెలు గుమ్మం దగ్గర, లోపలికి రాకుండా బయటికి పోకుండా నిలబడింది. మేడమ్ పెద్ద మాటలు వాడలేదు. బావి నీళ్ళలో బోరాన్ పేడ గుంతలో దానితో కలవలేదు, ఇళ్ళలోంచి వచ్చే నీళ్ళతో కలిసింది, అది సబ్బుపొడిది అంది. షెడ్డు పక్కనున్న బావిలోనే నైట్రేటు అన్నిటికంటే తక్కువగా ఉందని కూడా చెప్పింది.

"ఆవులు బట్టలుతుక్కోవు కదండీ" అంది చివరికి.

గది గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది, అందరికంటే గట్టిగా నవ్వింది మన మేస్త్రి. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. మా చెల్లెలి ఆవులు సబ్బు కొనవు, కొంటే కాలనీ మొత్తానికి అప్పుడే తెలిసిపోయేదని, గుమ్మం వైపు చూసి చెయ్యి ఊపాడు. షెడ్డు నిలిచింది. ఆ క్షణంలో అతనికి లోకంలో ఇంకే సంగతీ పట్టలేదు. పోస్ట్‌మాస్టరు కూడా నవ్వి, కళ్ళజోడు తుడుచుకుని, షెడ్డు తీర్మానం రద్దు చేశాడు. తర్వాత న్యాయంగా అడగాల్సింది అడిగాడు. మరైతే ఎవరి ట్యాంకో కారుతోంది, అదేదో పట్టుకోవాలి. కాలనీలో ట్యాంకుల సంగతి క్షుణ్ణంగా తెలిసినవాడు ఒక్కడే.

"నువ్వే చూసి చెప్పాలి మేస్త్రీ. పగిలిన ట్యాంకు ఏదో కనిపెట్టు" అన్నాడు.

మేస్త్రి నోరు తెరిచాడు. నవ్వు ఇంకా ముఖం మీద ఉంది. ట్యాంకులన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. పోస్ట్‌మాస్టరుది, పక్కింటిది, ఎదురింటిది, దర్జీది, తనది. ఏ ఒక్కటీ పగల్లేదు. పగలడానికి వాటికి అడుగుంటేగా! నీళ్ళెక్కడికి పోతున్నాయని అడిగి మేడమ్ అలా ఎందుకు చూసిందో, కాఫీ ఎందుకు తాగలేదో అప్పుడు అర్థమైంది. ఆవిడ వైపు చూశాడు. ఆవిడ సీసాల పెట్టెకు పట్టీ బిగించుకుంటోంది, తల ఎత్తలేదు. చెప్పాల్సింది మీరే అన్నట్టు ఉంది ఆ పట్టీ బిగించడం.

ఒక్క మాట అనేస్తే సరిపోయేది. ఏదో పాత ట్యాంకు బీటలు వారి ఉంటుంది, చూస్తానండీ అనొచ్చు. తర్వాత ఒక్కొక్కటీ చడీచప్పుడు లేకుండా బాగుచేసుకోవచ్చు. పేరు నిలిచేది, పనీ జరిగేది. ఆ ఆలోచన అతనికి రాలేదని చెప్పను, వచ్చింది. అప్పుడే దర్జీ ఒళ్ళో ఉన్న బిడ్డ నిద్రలో కదిలి, పెదాలు చప్పరించింది. పెదాలు ఎర్రగా ఉన్నాయి.

"ఏదీ పగల్లేదండీ. నేను కట్టినవి వేటికీ అడుగు లేదు" అన్నాడు.

గదిలో ఎవరికీ మొదట అర్థం కాలేదు. అతనే చెప్పుకొచ్చాడు. సిమెంటు అయిపోవడం, తర్వాత వేద్దామనుకోవడం, నిండకపోవడం, అదే గొప్ప అనుకోవడం. నిండలేదంటే ఎక్కడికో పోయినట్టే కదా, ఎక్కడికని ఒక్కనాడూ అనుకోలేదండీ అన్నాడు. ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది. పోస్ట్‌మాస్టరు కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నాడు. నిండలేదని మురిసిపోయినవాళ్ళే గదంతా, ఎవరు ఎవరిని ఏమంటారు? దర్జీ ఒక్కడే లేచి, బిడ్డను భుజాన వేసుకుని, మేస్త్రి ముందు నుంచే వెళ్ళిపోయాడు. మేస్త్రి తల అప్పుడు దిగింది. సిగ్గుతో చచ్చిపోయాడు, ఆ మాట దాచక్కర్లేదు.

ఇంటికి అన్నాచెల్లెళ్ళు కలిసే నడిచారు. సగం దారిలో ఆవిడ అడిగేసింది.

"ఆవులకి అడుగు వేశావు కదా అన్నయ్యా. మనుషులకి వేయలేదేం?"

"అక్కడ నువ్వు కూర్చున్నావు. ఇక్కడ ఎవరూ కూర్చోలేదు" అన్నాడు.

ఆవిడ తిట్టలేదు. తిడుతుందనుకుని సిద్ధంగా ఉన్న మేస్త్రికి అదొక లోటుగా అనిపించింది.

మర్నాడు అతను మొదట తన ఇంటి ట్యాంకే తెరిచాడు. కంకర తోడేశాడు. కూలి అడగననీ, సిమెంటు ఖర్చు ఎవరిది వాళ్ళు పెట్టుకుంటే ఒక్కో ఇల్లూ వరసగా చేస్తాననీ సంఘానికి చెప్పేశాడు. బావికి మరీ దగ్గరగా ఉన్నవి మూసేసి దూరంగా కొత్తవి కట్టాలి. తన బావి పక్కది కూడా అంతే. కొత్త గుంత తవ్వి అడుగు పోస్తుంటే గట్టు మీద చప్పుడయింది. చెల్లెలు. బకెట్టు బోర్లించుకుని కూర్చుంది.

"కానీయ్" అంది.

ఇటుకా ఇటుకా మధ్య సిమెంటు పెట్టించింది. మూలల్లో పుల్లతో పొడిచి చూసింది. ఆరాక నీళ్ళు పోయించి, గోడ మీద సుద్దగీత గీసింది. పొద్దున్నే ఇద్దరూ వంగి చూశారు. నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి. ఆవిడ బకెట్టు తీసుకుని వీధిలోకి నడిచింది, మేస్త్రి తాపీ పట్టుకుని వెనకే వెళ్ళాడు. రెండో ఇల్లు దర్జీది. దర్జీ తలుపు తీసి పక్కకు తప్పుకున్నాడు. గుంత తవ్వుతున్నంతసేపూ పలకరించలేదు. సుద్దగీత నిలిచిన పొద్దున మాత్రం, తనూ వంగి చూసి, చెయ్యి కడుక్కోండి అని చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. ట్యాంకరు నీళ్ళే.

బావులు బాగుపడటానికి ఏళ్ళు పడుతుందని మేడమ్ ముందే చెప్పింది. భూమిలోకి దిగిన నీళ్ళు మనం రమ్మన్నప్పుడు రావు, పొమ్మన్నప్పుడు పోవు. అందుకని ఏడాదికోసారి వచ్చి అవే బావుల్లో సీసాలు పడుతోంది. మంచు పెట్టె మోసే పని ఇప్పటికీ మేస్త్రిదే. నిండని మేస్త్రి అన్న పేరు మాత్రం కాలనీలో ఎవరూ పలకడం లేదు. అలవాటు కొద్దీ ఎవరైనా సగం దాకా అని, మిగతాది మింగేస్తారు. అతను విననట్టు ఉంటాడు.

ఈసారి మేడమ్ వచ్చిన రోజు మేస్త్రి ఇంటి ముందు లారీ నిలబడి ఉంది. బావమరిది హారన్ మోగించుకుంటూ వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరిగి వచ్చాడు. బావ ఇంటికి మొదటిసారి పని మీద వచ్చాను, కాఫీకి కాదు అని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. పైపు మెడలో వేసుకున్నట్టు భుజాన పెట్టుకుని లోపలికి వెళ్ళాడు. మేస్త్రి మూత ఎత్తాడు. చెల్లెలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, పోట్లాడటానికి ఏదైనా దొరుకుతుందేమోనని నిలబడింది. అంచు దాకా నల్లగా నిండి ఉంది. చెప్పలేనంత కంపు.

మేడమ్ పెట్టె కింద పెట్టి, ముక్కు మూసుకోకుండా వంగి చూసింది. అప్పుడు అడిగినట్టే అడిగింది.

"నీళ్ళెక్కడికి పోతున్నాయి మేస్త్రిగారూ?"

"ఎక్కడికీ పోవడం లేదండీ. నిండిపోయింది" అన్నాడు మేస్త్రి. భార్యను పిలిచి, మేడమ్‌కు కాఫీ పెట్టమన్నాడు. ఆ రోజు ఆవిడ తాగి వెళ్ళింది.